మోల్ లెక్క, మా నాయన గ్లాసు

ఈసారి కొంచెం పొడుగు పోస్టు. పనులన్నీ ముగించుకొని తీరిగ్గా చదవండి. పదకొండో క్లాసు చదివే పిల్లలు ఇంట్లో ఉంటే, వాళ్ళకూ చదివి వినిపించండి.

మన సంఘం తరఫున ఆదివారం పూట పిల్లలకు లెక్కలు, సైన్సు చెప్తున్నాం కదా. పోయిన ఆదివారం ఒక పాప నోటు పుస్తకం మూసి పక్కన పెట్టేసింది. పదో క్లాసులో మంచి మార్కులు తెచ్చుకున్న పాప. నర్సింగో, ఫార్మసీయో చదవాలని ఆశ. వేలూరు సీఎంసీ చుట్టుపక్కల పెరిగిన పిల్లలకు ఆ ఆశ పుట్టడం వింతేమీ కాదు. "మామా, నేను గ్రూపు మార్చుకుంటాను. కామర్సుకు పోతాను. ఇంట్లో చెప్పేసినాను" అనింది. ఎందుకమ్మా అంటే, కెమిస్ట్రీ పుస్తకం తెరిచి మొదటి పాఠం చూపించింది. మోల్ లెక్కలు. "ఇన్ని గ్రాములకు ఎన్ని మోల్సు, ఇన్ని మోల్సుకు ఎన్ని గ్రాములు. ఫార్ములా బట్టీ పట్టినాను. లెక్క కొంచెం మారిస్తే చేతులు ఆడవు. మొదటి పాఠమే రాకపోతే ఇక మిగతావి ఏం వస్తాయి?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. ఎందుకంటే ఆ మాటే, అదే వయసులో, మా ఇంట్లో అద్దకం పాక గడప మీద కూర్చొని నేనూ అన్నాను. 1986వ సంవత్సరం. గుడియాత్తం అప్పుడు ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేది. ఆ పాపకు ఆ రోజు సగం చెప్పినాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

మా ఇంటి సంగతి మీలో పెద్దవాళ్ళకు తెలుసు. కౌండిన్య ఏటికి ఇవతలి పక్క రెండు గదుల ఇల్లు, వెనకాల తాటాకు పాక, పాకలో మూడు తొట్లు. మా నాయన నూలుకు రంగు వేసేవాడు. లుంగీలకు పోయే నూలు. మాస్టర్ వీవర్ల దగ్గరనుంచి కట్టలు వచ్చేవి, రంగు వేసి, ఆరబెట్టి, తిరిగి ఇచ్చేవాళ్ళం. కట్టకు ఇంత కూలి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో తమిళ మీడియం. తెలుగు చదవను రాయను అవ్వ నేర్పింది. అది మా ఇళ్ళలో అందరికీ ఉన్న కథే.

పదకొండులో సైన్సు గ్రూపు తీసుకున్నాను. తమిళంలో రసాయన చర్యను "వేది వినై" అంటారు. వినై అంటే కర్మ అని కూడా అర్థం. నేను రాత్రిపూట గట్టిగా చదువుతుంటే మా అవ్వ విని, "వీడు ఈ వయసులోనే కర్మ గురించి చదువుతున్నాడే" అని పక్కింటామెతో చెప్పుకొని మురిసిపోయింది. నిజానికి నాకు కర్మ మాదిరిగానే ఉండేది ఆ పాఠం.

అర్థం కావడం లేదని చిత్తూరులో ఇంటర్మీడియెట్ చదివే మా అత్త కొడుకు దగ్గర తెలుగు పుస్తకం తెచ్చుకున్నాను. మన భాషలో చదివితే తలకెక్కుతుంది అనుకున్నాను. అక్కడే పడినాను గోతిలో.

తెలుగు పుస్తకంలో "పరమాణువు" అంటే ఒంటరిగా ఉండే చిన్న రేణువు. రెండో మూడో పరమాణువులు కలిస్తే "అణువు". తమిళ పుస్తకంలో ఆ ఒంటరి రేణువు పేరే "అణు". కలిసినదాన్ని "మూలక్కూఱు" అంటారు. అంటే మనకు జంట అయినది వాళ్ళకు ఒంటరి. మాట ఒకటే, ఊరు మారితే మనిషి మారినాడు. తెలుగు పుస్తకంలో "ఒక మోల్ ఆక్సిజన్ అణువులు" అని చదివి, తమిళ పుస్తకం పట్టికలో "అణు" బరువు వెతికి, 16 అని రాసుకున్నాను. నిజానికి అక్కడ కావలసింది 32. గాలిలో ఆక్సిజన్ ఎప్పుడూ జంటగానే ఉంటుంది కాబట్టి.

క్వార్టర్లీ పరీక్షలో తేలికైన లెక్క ఒకటి ఇచ్చినారు. 4 గ్రాముల హైడ్రోజన్ పూర్తిగా నీళ్ళు కావాలంటే ఎంత ఆక్సిజన్ కావాలి? రెండు హైడ్రోజన్ అణువులకు ఒక ఆక్సిజన్ అణువు. 4 గ్రాముల హైడ్రోజన్ అంటే రెండు మోల్సు. కాబట్టి ఒక మోల్ ఆక్సిజన్, 32 గ్రాములు. నేను 16 అని రాసినాను. ఆ లెక్క ఒక్కటే కాదు, ఆ పేపరులో ఆక్సిజన్ తగిలిన ప్రతి చోటా సగానికి సగం తప్పు. నూటికి ఇరవై రెండు మార్కులు.

ఆ పేపరు చేతిలో పెట్టుకొని పాక గడప మీద కూర్చున్నాను. "నాయనా, నాకు ఈ చదువు వద్దు. తొట్టి దగ్గర నిలబడతాను" అన్నాను. మా నాయన నా దిక్కు చూడకుండానే, "తొట్టి ఎక్కడికీ పోదు లే" అన్నాడు. అంతే.

తర్వాత చాలా ఏళ్ళకు ఒక సంగతి తెలిసి నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చినాయి. నేను పడిన గోతిలోనే ప్రపంచంలోని రసాయన శాస్త్రవేత్తలందరూ యాభై ఏళ్ళు పడి ఉన్నారు. 1811లో ఇటలీలో అవొగాడ్రో అనే ఆయన, ఒకే వేడి, ఒకే ఒత్తిడి ఉంటే సమాన పరిమాణం ఉన్న వాయువుల్లో సమాన సంఖ్యలో అణువులు ఉంటాయని, ఆక్సిజన్ లాంటివి జంటలుగా ఉంటాయని చెప్పినాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఒకరు నీళ్ళలో ఆక్సిజన్ బరువు 8 అంటే, ఇంకొకరు 16 అనేవాళ్ళు. ఒకే పదార్థానికి ఒక్కో పుస్తకంలో ఒక్కో ఫార్ములా. చివరికి 1860లో జర్మనీలో కార్ల్స్‌రూహె అనే ఊళ్ళో అందరూ కూడినారు. అక్కడ కానిజారో అనే ఇంకో ఇటలీ ఆయన, అవొగాడ్రో మాట పట్టుకొని, పరమాణువు వేరు, అణువు వేరు అని తేల్చి చెప్పినాడు. తాను రాసిన చిన్న పుస్తకం అక్కడివాళ్ళకు పంచినారు. ఆ తర్వాతే బరువులన్నీ ఒక దారికి వచ్చినాయి. అంతంత మేధావులకే యాభై ఏళ్ళు పట్టిన చోట, రెండు భాషల మధ్య పెరిగిన పిల్లవాడికి ఒక పరీక్ష పోవడం తప్పు కాదు. ఆ సంగతి నాకు అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అందుకే మన పిల్లలకు ఇప్పుడు చెప్తున్నాను. లెక్క మొదలుపెట్టే ముందు, నువ్వు లెక్కపెడుతున్నది ఒంటరివాటినా, జంటలనా అని అడుక్కో. ఇంగ్లీషు మీడియంలో చదివినా ఈ ప్రశ్న తప్పదు.

సరే, ఏది లెక్కపెట్టాలో తెలిసింది. ఎట్లా లెక్కపెట్టాలి? కంటికే కనపడని వాటిని?

ఇది నాకు బడిలో కాదు, నూలు అంగట్లో తెలిసింది. ఒక శనివారం నాయన నన్ను బజారుకు పిలుచుకొని పోయినాడు. అంగటాయన నలభై నంబరు నూలు, ఎనభై నంబరు నూలు చూపించి ధర చెప్తున్నాడు. మన మగ్గాల ఇళ్ళలో పుట్టినవాళ్ళకు నంబరు సంగతి చెప్పనక్కరలేదు. కొత్త పిల్లల కోసం రాస్తున్నాను. ఒక చిలప అంటే 840 గజాల దారం. ఒక పౌండు తూకానికి ఎన్ని చిలపలు వస్తాయో అదే నూలు నంబరు. నలభై నంబరు అంటే పౌండుకు నలభై చిలపలు, 33,600 గజాలు. ఎనభై నంబరు అంటే అదే పౌండుకు 67,200 గజాలు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం, అదే తూకానికి పొడుగు ఎక్కువ. కట్ట అంటే పది పౌండ్లు, ఇప్పటి లెక్కలో 4.54 కిలోలు.

అంగటాయన దారాన్ని గజాలు పెట్టి కొలవలేదు. కొలిస్తే ఒక కట్టకే నెల పడుతుంది. తక్కెట్లో వేసినాడు, నంబరుతో హెచ్చించినాడు, పొడుగు చెప్పేసినాడు. నాకు ఒక్కసారిగా ఒళ్ళు జలదరించింది. మోల్ లెక్క ఇదే కదా! పరమాణువులను ఎవరూ ఒకటి, రెండు, మూడు అని ఎంచరు. తూకం వేస్తారు. ఒక్కో పదార్థానికి ఒక్కో నంబరు ఉంటుంది, ఆ నంబరుతో తూకాన్ని లెక్కగా మారుస్తారు. కార్బన్ 12 గ్రాముల్లో ఎన్ని పరమాణువులు ఉంటాయో, మెగ్నీషియం 24 గ్రాముల్లో అన్నే ఉంటాయి. రెండూ సమానంగా 12 గ్రాములు తూచితే, కార్బన్ పరమాణువులు రెండింతలు. సన్నదారం, లావు దారం సంగతే. తేడా ఒకటి ఉంది. నూలులో నంబరు పెరిగితే సన్నం. ఇక్కడ పరమాణు భారం పెరిగితే లావు. ఆ ఒక్కటి తిప్పి గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక ఆ పెద్ద సంఖ్య. మా కాలంలో 6.023, పక్కన 10 మీద 23 ఘాతం అని చదివేవాళ్ళం. ఆరు రాసి, వెనక ఇరవై మూడు సున్నాలు పెట్టుకుంటే దాదాపు సరిపోతుంది. దాన్ని చూసి భయపడని పిల్లవాడు లేడు. డజను అంటే 12. గ్రోసు అంటే 144. మన ఊరి అగ్గిపెట్టెల వ్యాపారంలో బండిల్ అంటే 600 పెట్టెలు. మోల్ కూడా అట్లాంటి ఒక కట్ట, అంతే. లోపల ఉండే వస్తువులు చాలా చిన్నవి కాబట్టి కట్ట పెద్దది. 2019 మే 20 నుంచి ఆ సంఖ్యను ప్రపంచమంతా ఒకటే అని ఖాయం చేసినారు. 6.02214076, పక్కన 10 మీద 23 ఘాతం. దానికి ముందు కార్బన్ 12 గ్రాముల మీద ఆధారపడి చెప్పేవాళ్ళు. ఇప్పుడు డజను అంటే 12 అన్నట్టుగా, మోల్ అంటే ఇంత అని నేరుగా చెప్పేసినారు. పిల్లలకు ఇది మంచి వార్త. బట్టీ పట్టాల్సిన నిర్వచనం చిన్నదైంది.

నూలు అంగడి తర్వాత నాకు రెక్కలు వచ్చినాయి. హాఫ్ ఇయర్లీలో డెబ్బై దాటినాయి. ఇప్పుడు చెప్పబోయేది నా తప్పు. ఇంతవరకు బయట ఎక్కడా చెప్పలేదు.

మా నాయన నీలం తొట్టి పెట్టేటప్పుడు తూకం వేసేవాడు కాదు. ఒక ఇత్తడి గ్లాసు ఉండేది. నీలం పొడి ఇన్ని గ్లాసులు, హైడ్రోస్ ఇన్ని, కాస్టిక్ ఇన్ని. తెలియనివాళ్ళకు ఒక మాట. నీలం నీళ్ళలో కరగదు. హైడ్రోస్, కాస్టిక్ వేస్తే దాని నీలి రంగు పోయి, పచ్చని పసుపు రంగు నీళ్ళుగా కరుగుతుంది. అందులో నూలు ముంచి పైకి తీస్తే, గాలి తగిలి మళ్ళీ నీలంగా మారి దారంలోనే ఉండిపోతుంది. చిన్నప్పుడు పసుపుగా పైకి వచ్చిన చిలప కళ్ళ ముందే నీలం అవుతుంటే గారడీ చూసినట్టు ఉండేది.

వేలూరులో బీఎస్సీ చదువుతున్న మా పెదనాయన కొడుకు ఆ చర్యకు సమీకరణం రాసి ఇచ్చినాడు. ఒక మోల్ నీలానికి ఒక మోల్ హైడ్రోస్, నాలుగు మోల్సు కాస్టిక్. నీలం 262 గ్రాములు, హైడ్రోస్ 174, కాస్టిక్ నాలుగు నలభైలు 160. ఒక తొట్టికి మేం వేసే నీలం అరకిలో. దానికి హైడ్రోస్ 332 గ్రాములు, కాస్టిక్ 305 గ్రాములు చాలు. నాయన గ్లాసు కొలతను పక్కింటి కొట్టులో తూచి చూసినాను. హైడ్రోస్ అరకిలో పడుతోంది! తొట్టికి 168 గ్రాములు దండగ. ఏడాదికి ఎంత డబ్బు అని కూడా లెక్క వేసి, కాగితం మీద రాసి, నాయన ముందు పెట్టినాను. పెద్ద గొప్పగా.

మా నాయన మూడో క్లాసు దాకా చదివినాడు. ఆ కాగితాన్ని చాలాసేపు చూసినాడు. "ఇది బడిలో చెప్పినారా?" అని అడిగినాడు. అవును అన్నాను. "సరే, రేపు నువ్వే వెయ్యి" అన్నాడు. అప్పుడు ఆయన మొహంలో కనిపించింది అనుమానం కాదు. సంతోషం. కొడుకు చదువు తొట్టి దాకా వచ్చిందని. ఆ సంతోషమే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మర్నాడు తూచి వేసినాను. నాలుగు కట్టల నూలు, పద్దెనిమిది కిలోలు. తొట్టి పసుపుగా తేట పడలేదు. పచ్చగా, బురదగా ఉంది. నాయన ఒకసారి నా మొహం చూసినాడు. నేను లెక్క సరిగ్గానే ఉంది అన్నాను. చిలపలు దించినాం. ఆరినాక చూస్తే ఒక చోట ముదురు, ఒక చోట లేత. చేతితో రుద్దితే నీలం అరచేతికి అంటుకుంటోంది. రంగు దారం లోపలికి పోలేదు, పైన పైన కూర్చుంది.

నాయన నన్ను తిట్టలేదు. ఆ బురద తొట్టి అంచున కూర్చొని ఒక్కటే అడిగినాడు. "గాలికి ఎంత వేసినావు రా?"

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పినాడు. "కలిపేటప్పుడు గాలి తింటుంది. చిలప దించినప్పుడు తింటుంది, తీసినప్పుడు తింటుంది. డబ్బా మూత తీసిన రోజునుంచి లోపల మందు కొంచెం కొంచెం చస్తానే ఉంటుంది. వాటికి కూడా వెయ్యాల కదా. నీ కాగితంలో వాళ్ళకు వాటా ఏదీ?"

ఆ నూలు ఖర్చు మా కూలిలో పట్టుకున్నారు. రెండు నెలలు పట్టింది తీరను. ఆ ఏడు వైకాసిలో గంగమ్మ శిరసు పండగకు మా చెల్లెలికి కొత్త పావడ రాలేదు. ఊరంతా కొత్త బట్టల్లో ఉంటే, అది పాతది ఉతుక్కొని కట్టుకొని నా పక్కనే నిలబడి శిరసు ఊరేగింపు చూసింది. ఏమీ అనలేదు. ఇప్పుడు దానికి మనవడు పుట్టినాడు. ఈ పోస్టు చదివితే అప్పటి సంగతి అసలు కారణం దానికి ఇప్పుడే తెలుస్తుంది.

కాలేజీలో చేరినాక ఆ "గాలికి" అన్న మాటకు పుస్తకంలో పేర్లు దొరికినాయి. సమీకరణం చెప్పేది, రెండు వస్తువులు మాత్రమే ఉండి, రెండూ పూర్తిగా స్వచ్ఛంగా ఉంటే ఏమవుతుందని. మా డబ్బాలోని హైడ్రోస్ స్వచ్ఛమైనది కాదు. నూటికి ఎనభై పాళ్ళే పనికొచ్చేది అనుకుందాం. అప్పుడు 332 గ్రాముల పని జరగాలంటే 415 గ్రాములు తూచాలి. దాని మీద గాలిలోని ఆక్సిజన్ తినేది వేరే. మా నాయన అరకిలో ఎక్కడ, నా 332 ఎక్కడ! ఆయన గ్లాసులో స్వచ్ఛత ఉంది, గాలి ఉంది, డబ్బా వయసు కూడా ఉంది. తొట్టి రంగు చూసి ఒక చిటికెడు పెంచేవాడు, తగ్గించేవాడు.

అయితే నా లెక్క అబద్ధమా? కాదు. ఇది కూడా చెప్పకపోతే నాయన కథ సగమే అవుతుంది. ఒక ఏడాది తర్వాత ఇద్దరం కలిసి కూర్చున్నాం. చిన్న తక్కెడ కొన్నాం. హైడ్రోస్ డబ్బాలో లోపల ప్లాస్టిక్ సంచి పెట్టి గట్టిగా ముడి వేసినాం. కర్రతో గబగబా కలపడం మానేసి నిదానంగా కలిపినాం. ఒక్కో తొట్టికి పది పది గ్రాములు తగ్గిస్తూ, రంగు చూస్తూ పోయినాం. 440 గ్రాముల దగ్గర ఆగినాం. దానికంటే తగ్గితే తొట్టి పచ్చబడుతోంది. 332 కంటే కిందికి పోవడం ఎట్లాగూ కుదరదని కాగితం చెప్పింది. ఎంత పైన ఆగాలో తొట్టి చెప్పింది. మా నాయన ఆ 440ని పాక గోడ మీద బొగ్గుతో రాసినాడు. పాక పడిపోయే దాకా ఆ అంకె ఉండింది.

ఇంకొక ప్రశ్న మేం ఇద్దరమూ అప్పుడు అడుక్కోలేదు. వేసింది ఎక్కువైతే, ఆ మిగిలింది ఎక్కడికి పోయింది? తొట్టి నీళ్ళు కాలువలోకి, కాలువ ఏటిలోకి. మేం వేసింది గ్లాసులు. మన జిల్లాలో పాలారు పొడవునా తోళ్ళ ఫ్యాక్టరీలు వేసింది టన్నులు. మామూలు పద్ధతిలో తోలుకు క్రోమియం పట్టించేటప్పుడు, వేసినదాంట్లో దాదాపు మూడో వంతు తోలుకు పట్టకుండా నీళ్ళలోనే మిగిలిపోతుంది. ఆ మూడో వంతు ఎవరి బావిలోకి పోయిందో మన ఊళ్ళవాళ్ళకు తెలుసు. వేలూరు పౌరుల సంఘం ఒకటి సుప్రీంకోర్టుకు పోయింది. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. సుమారు 35,000 హెక్టార్ల సాగు భూమి కొంతో, పూర్తిగానో పనికిరాకుండా పోయిందన్న సర్వే మాట ఆ తీర్పులో ఉంది. పాడుచేసినవాళ్ళే ఖర్చు భరించాలని కోర్టు చెప్పింది. దేశమంతా లా కాలేజీల్లో ఇప్పటికీ మన వేలూరు పేరుతో ఆ కేసు చదువుతారు. ఆ కేసు మూలంలో ఉన్నది పదకొండో క్లాసు మొదటి పాఠమే. ఎంత వేసినాం, ఎంత కలిసింది, ఎంత మిగిలింది.

ఇప్పుడు మన పాప దగ్గరకు వస్తాను.

వాళ్ళ అమ్మ అగ్గిపెట్టెల యూనిట్లో పని చేస్తుంది. అందుకని ఆ రోజు అగ్గిపుల్లతోనే మొదలుపెట్టినాను. అగ్గిపుల్ల తల మందులో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. అది వేడికి విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది. పెట్టె పక్కన గీసేచోట ఎర్ర భాస్వరం ఉంటుంది. సమీకరణం చెప్పినాను. రెండు మోల్సు క్లోరేట్ నుంచి మూడు మోల్సు ఆక్సిజన్. క్లోరేట్ ఒక మోల్ 122.5 గ్రాములు. "49 గ్రాములు ఉంటే ఎంత ఆక్సిజన్ వస్తుంది?" అని అడిగినాను. ముందు ఫార్ములా కోసం పుస్తకం మీద చెయ్యి వేసింది. పుస్తకం వద్దు, మీ అమ్మ బండిళ్ళు ఎట్లా లెక్క వేస్తుందో అట్లా వెయ్యి అన్నాను.

కొంచెంసేపు పెన్ను నోట్లో పెట్టుకొని ఆలోచించింది. "49 అంటే ఎన్ని కట్టలో ముందు చూడాల. 0.4 కట్ట. రెండు కట్టలకు మూడు వస్తే, 0.4కు 0.6 కట్ట ఆక్సిజన్." తర్వాత ఆగింది. "మామా, ఇక్కడ ఆక్సిజన్ 16ఆ, 32ఆ?"

నా కళ్ళలో నీళ్ళు తిరిగినాయంటే నమ్మండి. నేను అడగలేకపోయిన ప్రశ్న అది. జంటగా వస్తుందమ్మా అన్నాను. "అయితే 32. 0.6 ఇంటూ 32... 19.2 గ్రాములు." సరిగ్గా చెప్పింది. కాగితం మీద సరే, క్లోరేట్, గంధకం లాంటివి ఇంట్లో ఎవరూ కలపొద్దు, రాపిడికే పేలతాయి అని కూడా అందరికీ గట్టిగా చెప్పినాను. మళ్ళీ చెప్తున్నాను.

గ్రూపు మారే సంగతి ఇంకా తేలలేదు. ఇంట్లో మాట్లాడతాను అనింది. ఒక్క లెక్క వచ్చినంత మాత్రాన భయం అంతా పోదు. వచ్చే ఆదివారం వస్తానని మాత్రం చెప్పింది.

అందుకే సంఘం సభ్యులకు ఒక మనవి. ఇంట్లో ఈ పాఠం చదువుతున్న పిల్లలు ఉంటే, మీకు కెమిస్ట్రీ రాదని పక్కకు తప్పుకోవద్దు. మీ పనిలో తూకం ఉంటుంది, కట్ట ఉంటుంది, తరుగు ఉంటుంది. నూలు, బీడీ, తోలు, అగ్గిపెట్టె, హోటల్లో ఇడ్లీ పిండి, ఏదైనా సరే. దాన్ని పక్కన కూర్చోబెట్టుకొని చెప్పండి. "ఎంత వేస్తే ఎంత వస్తుంది, తరుగు ఎంత, ఎందుకు" అని అడగండి. పుస్తకంలోని మాటలు వాళ్ళు చూసుకుంటారు. ఇంకోటి, తెలుగు పుస్తకం కొనిపెట్టేవాళ్ళు అణువు, పరమాణువు సంగతి ముందే చెప్పండి. నాకు ఇరవై రెండు మార్కులు వచ్చిన గొయ్యి అది.

ఆదివారం క్లాసుకు ఒక చిన్న ఎలక్ట్రానిక్ తక్కెడ కావాలి. గ్రాము వరకు చూపించేది చాలు. ఎవరి దగ్గరైనా వాడకుండా ఉంటే ఇవ్వండి. కెమిస్ట్రీ చదివిన యువకులు, యువతులు నెలకు ఒక ఆదివారం వచ్చినా మేలు. ఉదయం పది గంటలకు మొదలు.

మా నాయన పోయి పదకొండేళ్ళయింది. ఆ ఇత్తడి గ్లాసు నా దగ్గరే ఉంది. అడుగున నీలం ఎంత తోమినా పోలేదు. వచ్చే ఆదివారం క్లాసుకు తెస్తున్నాను. కొత్త తక్కెడ వస్తే, ముందు ఆ గ్లాసుకు ఎన్ని గ్రాముల ఉప్పు పడుతుందో పిల్లల చేతనే తూపిస్తాను.